తాత కారుకు జీర్ణోద్ధరణ



కోయంబత్తూరు, మధురై వైపున ఉన్న మన తెలుగు ఇళ్ళల్లో పాత కారు ఒకటి కొట్టంలోనో, పశువుల పాకలోనో, వేపచెట్టు కిందనో నిలబడి ఉండడం కొత్త సంగతి కాదు. ఒక ఇంట్లో అంబాసిడర్, ఇంకో ఇంట్లో ఫియట్, ఎక్కడో ఒకచోట స్టాండర్డ్ హెరాల్డ్. తాత కొన్నది. నాయన పెళ్ళికి పూలదండలు కట్టుకుని ఊరేగింది. చక్రాల్లో గాలి దిగిపోయి పదేళ్ళో, పదిహేనేళ్ళో అయింది. పాత ఇనుము కొనేవాడు వచ్చి తూకం ధర చెప్పి వెళ్తాడు. ఇంట్లో పిల్లవాడేమో, "అమ్మవద్దు, నేను బాగుచేస్తాను. దీని ఇంజన్ తీసేసి కొత్త ఇంజన్ పెడితే గుర్రంలా పరుగెత్తుతుంది" అంటాడు. పెద్దవాళ్ళకు ఏమి చెప్పాలో తోచదు. ఈనాటి ప్రసంగం ఆ పిల్లవాడి కోసమూ, ఆ పెద్దవాళ్ళ కోసమూ.

మధురైలో తిరుమల నాయకుడి మహలు మీలో చాలామంది చూసే ఉంటారు. 1636లో కట్టించిన ఆ మహలులో ఈనాడు నిలిచి ఉన్నది ఒక భాగం మాత్రమే. మిగిలిన భాగం ఏమైంది? తిరుమల నాయకుడి మనుమడు చొక్కనాథ నాయకుడు రాజధానిని తిరుచిరాపల్లికి మార్చినప్పుడు, తాత కట్టిన మహలును చాలావరకు విప్పించి, ఆ స్తంభాలూ దూలాలూ అక్కడికి తరలించాడని చెబుతారు. విప్పిన వైభవం తిరుచిరాపల్లిలో మళ్ళీ లేవలేదు. మిగిలినదాన్ని 1866 నుంచి 1872 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్న నేపియర్ ప్రభువు మరమ్మతు చేయించబట్టి మనకు ఆ మాత్రమైనా దక్కింది. తాత సొత్తును మనుమడు విప్పడం తేలిక. విప్పినదాన్ని మళ్ళీ నిలబెట్టడమే కష్టం. పాత కారు ముందు పానా పట్టుకుని నిలబడిన ప్రతి పిల్లవాడూ ఈ కథ ఒకసారి తలచుకోవాలి.

అలాగని విప్పవద్దని నేను చెప్పడం లేదు. యంత్రాన్ని విప్పి చూడడం మన కొంగునాటి తెలుగువాళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్య అని లోకం అంటుంది. దానికి మూలపురుషుడు జి.డి. నాయుడుగారు. కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో 1893లో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టారు. ఒక ఆంగ్ల అధికారి రడ్జ్ మోటారు సైకిల్ మీద పోతుంటే చూసి మనసు పడ్డారు. కోయంబత్తూరులో హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి ఆ బండినే కొన్నారు. కొన్న తరువాత ఆయన మొదట చేసిన పని దాన్ని ముక్కముక్కలుగా విప్పి మళ్ళీ బిగించడం. 1920లో ఒక బస్సుతో పొళ్ళాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టారు. ఆ ఒక్క బస్సే తరువాత యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థ అయింది. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి మన దేశంలోనే మొదటిదని చెప్పే విద్యుత్ మోటారును తయారుచేశారు. 1952లో రెండువేల రూపాయలకే ఇద్దరు కూర్చునే చిన్న కారు తయారుచేస్తే, ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. 1974లో ఆయన కాలం చేశారు. అవినాశి రోడ్డులో ఆయన పేరిట ఉన్న ప్రాంగణంలో 2015 నుంచి జీడీ కార్ మ్యూజియం నడుస్తోంది. పాత కారు బాగుచేయాలనుకునే పిల్లవాడిని ముందుగా అక్కడికి తీసుకువెళ్ళండి. బాగుచేసిన కారు ఎలా ఉండాలో కళ్ళతో చూస్తాడు.

ఇంజన్ మార్పిడి మాటకు వస్తే మన ప్రాంతంలో రెండు ఉదాహరణలు గుర్తుంచుకోదగ్గవి ఉన్నాయి. మొదటిది మధురైది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో పెట్రోలు కరువైంది. బస్సులు ఆగిపోయే స్థితి. అప్పుడు మధురైలోని టి.వి. సుందరం అయ్యంగారి సంస్థ టి.వి.ఎస్. గ్యాస్ ప్లాంట్ అనేదాన్ని తయారుచేసింది. బండికి ఒక కొలిమి లాంటిది తగిలించి, బొగ్గును తక్కువ గాలితో మండించి, అందులోంచి వచ్చే వాయువును ఇంజన్‌కు ఇచ్చేవారు. పెట్రోలంత బలం రాదు. ఎత్తు ఎక్కేటప్పుడు బండి మూలిగేది. కాని బండి నడిచింది. ఇక్కడ గమనించవలసింది ఒకటే. వాళ్ళు ఇంజన్ మార్చలేదు, దాని ఆహారం మార్చారు. యుద్ధం అయిపోయి పెట్రోలు దొరికాక కొలిమి తీసేస్తే బండి మళ్ళీ పాత బండే.

రెండో ఉదాహరణ కోయంబత్తూరుది. లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్‌గారు కార్ల పందాల్లో పేరుపడ్డవారు. 1980ల చివర్లో ఆయన ఒక్కరే కూర్చునే పందెపు కారు రూపొందించి, అందులో మారుతి 800 ఇంజన్ పెట్టారు. ఫార్ములా మారుతి అనేది అదే. మారుతి 800లో ఇంజన్ ముందువైపు అడ్డంగా ఉండి ముందు చక్రాలను తిప్పుతుంది. ఆయన ఇంజన్‌నూ గేర్‌బాక్సునూ కలిపి డ్రైవరు వెనక్కు తెచ్చారు. అలా తెస్తే అదే జంట వెనక చక్రాలను తిప్పుతుంది. ఇంజన్‌ను గేర్‌బాక్సునుంచి విడదీయకపోవడంలోనే ఉంది ఆ పనిలోని తెలివి. అందుబాటు ధరలో పందెపు కారు వచ్చింది. ఎందరో కుర్రవాళ్ళు దానిమీదే పందెం నేర్చుకున్నారు. 1995లో చిన్న విమాన ప్రమాదంలో ఆయన పోయారు. చెట్టిపాళయంలో 2003లో మొదలైన పందెపు మైదానానికి ఆయన పేరే పెట్టారు. ఆయన చేసింది కొత్త కారు, అందుకు కావలసిన లెక్కలన్నీ వేసి చేసింది. తాత కారులో వేరే ఇంజన్ పెట్టడం అలాంటిది కాదు. పాత ఇంటికి కొత్త దూలం ఎక్కించడం లాంటిది. గోడ మోస్తుందా లేదా అని ముందే చూడాలి.

ఇక పనిలోకి దిగుదాం. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పాత కారు విప్పి చూడు అని మూడోది చేర్చవచ్చు.

పదేళ్ళుగా నిలబడిన కారుకు కొత్త బ్యాటరీ పెట్టి వెంటనే తాళం తిప్పేయడం చాలామంది చేసే పని. అది కూడదు. సిలిండరు గోడలు ఆరిపోయి, పిస్టన్ రింగులు తుప్పుతో పట్టుకుని ఉంటాయి. బలవంతంగా తిప్పితే రింగులు విరుగుతాయి, గోడలు గీసుకుపోతాయి. బాగున్న ఇంజన్ ఆ ఒక్క నిమిషంలో చెడిపోతుంది. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లోంచి ఒక్కొక్క సిలిండరులో కొంచెం పలుచని నూనె పోయండి. నాలుగైదు రోజులు నాననివ్వండి. తరువాత ముందున్న క్రాంక్ పుల్లీ నట్టుకు పానా పట్టించి చేత్తో మెల్లగా అటూ ఇటూ కదిలించండి. కదిలిందా, సగం గెలిచినట్టే. కదలకపోతే మళ్ళీ నూనె, మళ్ళీ ఓపిక.

ఇంజన్ తిరిగాక పాత నూనె మార్చి, కంప్రెషన్ గేజ్‌తో కొలవాలి. ప్లగ్గు రంధ్రంలో ఆ గేజ్ బిగించి ఇంజన్ తిప్పితే సిలిండరు ఎంత ఒత్తిడి పట్టి ఉంచగలుగుతోందో ముల్లు చూపిస్తుంది. నాలుగు సిలిండర్లూ దాదాపు సమానంగా చూపిస్తే ఆ ఇంజన్‌లో ప్రాణం ఉంది. ఒకటి బాగా తక్కువ చూపిస్తే అందులో ఒక చెంచా నూనె పోసి మళ్ళీ కొలవండి. ముల్లు పైకి లేస్తే రింగులు అరిగాయని అర్థం. లేవకపోతే వాల్వులు సరిగ్గా కూర్చోవడం లేదని అర్థం. వైద్యుడు నాడి చూసినట్టే ఇది. నాడి చూడకుండా గుండె మార్చాలనే వైద్యుణ్ణి మనం నమ్మం కదా. ఇంజన్ విషయంలో మాత్రం ఎందుకు నమ్మాలి?

నాడి బలహీనంగా ఉన్నా ఇంజన్ చచ్చిపోయినట్టు కాదు. అంబాసిడర్ పెట్రోలు ఇంజన్ 1489 సి.సి.ది. ఇంగ్లండులో మారిస్ ఆక్స్‌ఫర్డ్ కారుకు వేసిన ఇంజన్ కుటుంబమే. ఫియట్, తరువాత పద్మిని అని పిలిచినది, 1089 సి.సి.ది. స్టాండర్డ్ హెరాల్డ్ 1961 నుంచి 1971 వరకు మన మద్రాసు దగ్గరే తయారైంది. తొలి హెరాల్డ్ ఇంజన్ 948 సి.సి.ది. ఈ మూడూ పోత ఇనుముతో చేసిన గట్టి ఇంజన్లు. అరిగిన సిలిండరును కొద్దిగా పెద్దది చేసి, దానికి తగ్గ పెద్ద పిస్టన్ వేయవచ్చు. దాన్నే బోరింగ్ అంటాం. అంగుళంలో వెయ్యోవంతును మన మెకానిక్కులు తౌ అంటారు. పది తౌ, ఇరవై తౌ, నలభై తౌ అని పిస్టన్లు వస్తాయి. ఆ హద్దు కూడా దాటితే సిలిండరులో కొత్త లైనర్ దించవచ్చు. క్రాంక్‌ను సాన పట్టించి, తగిన బేరింగులు వేయవచ్చు. అంటే ఒక ఇంజన్‌కు ఒక్కసారి కాదు, రెండుమూడుసార్లు పునర్జన్మ ఉంది.

ఈ పనులకు కోయంబత్తూరు కంటె మంచి చోటు ఎక్కడుంది? 1930లలో పైకారా కరెంటు వచ్చాక మిల్లులు పెరిగాయి. మిల్లులకు విడిభాగాలు చేసే పోత కర్మాగారాలు, లేత్ వర్క్‌షాపులు పీళమేడు, గణపతి వీధుల్లో వెలిశాయి. పొలానికి నీళ్ళు తోడే పంపుసెట్టు, ఇంట్లో పిండి రుబ్బే గ్రైండరు అక్కడ పుట్టినవే. అరిగిన ముక్క ఒకటి చేతికి ఇస్తే కొలత తీసి అలాంటిదే మరొకటి చేసి ఇచ్చే పనివాళ్ళు ఈనాటికీ ఉన్నారు. దుకాణంలో దొరకదు కాబట్టి ఇంజన్ మార్చేద్దాం అనే మాట వేరే ఊళ్ళో చెల్లుతుందేమో గాని మన ఊళ్ళో చెల్లదు.

పాత ఇంజన్‌ను బాగుచేసేటప్పుడు రెండు విషయాలు మరిచిపోకండి. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. ఆ సీసం పాత ఇంజన్లలో వాల్వు కూర్చునే చోటును అరగకుండా కాపాడేది. అందుచేత సిలిండర్ హెడ్ విప్పినప్పుడే ఎగ్జాస్ట్ వాల్వుల కింద గట్టి ఉక్కు సీట్లు పొదిగించండి. ఇది ఒకటి. ఈమధ్య, 2025 నాటికి, బంకుల్లో నూటికి ఇరవై పాళ్ళు ఎథనాల్ కలిసిన పెట్రోలు దేశమంతటా వచ్చింది. ఎథనాల్ నీటిని పీలుస్తుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది, ట్యాంకులో ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డిని కదిలిస్తుంది. పాత రబ్బరు గొట్టాలూ, పెట్రోలు పంపు డయాఫ్రమూ, కార్బురేటరు వాషర్లూ మార్చి, ఎథనాల్‌కు తట్టుకునేవి వేయాలి. కార్బురేటరు జెట్ కూడా ఒకసారి సరిచూడాలి. పాత కార్లలో పెట్రోలు కారి మంటలు రావడానికి కుళ్ళిన గొట్టమే పెద్ద కారణం. ఇది రెండోది.

సరే, ఇంజన్ బ్లాకు పగిలిపోయింది. లేదా ఏనాడో ఎవరో ఇంజన్ అమ్మేశారు. అప్పుడు మార్పిడి తప్పదు. అప్పుడేమి చూడాలి?

మొదట ఇంజన్ ఏ దిక్కున ఉంటుందో చూడాలి. అంబాసిడర్, పద్మిని, హెరాల్డ్ మూడింట్లోనూ ఇంజన్ కారు పొడవునా ఉంటుంది, వెనక చక్రాలను తిప్పుతుంది. ఈ రోజుల్లో చిన్న కార్లలో చాలావాటికి ఇంజన్ అడ్డంగా ఉంటుంది. దాన్ని తెచ్చి పొడవుగా పెట్టలేం. మారుతి 800 ఇంజన్ నేరుగా సరిపోదు గాని, అదే కుటుంబానికి చెందిన మారుతి వ్యాను, జిప్సీలలో ఇంజన్ పొడవుగా ఉంటుంది. అందుకే మెకానిక్కుల కళ్ళు వాటిమీద పడతాయి.

రెండోది బరువు. ఒకప్పుడు డీజిల్ చవకని అంబాసిడర్లలో మాటడార్ వ్యాను డీజిల్ ఇంజన్ దించడం చాలా చోట్ల జరిగింది. డీజిల్ ఇంజన్ బరువెక్కువ. అంబాసిడర్ ముందు చక్రాలను మోసేవి స్ప్రింగులు కావు, టార్షన్ బార్ అనే మెలితిరిగే ఉక్కు కడ్డీలు. అధిక బరువుకు అవి కుంగుతాయి, ముక్కు నేలకు వంగుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది. పైగా అంబాసిడర్‌కు కింద విడిగా చట్రం లేదు, రేకు శరీరమే చట్రం. ఇంజన్ మౌంటింగులు పాత క్రాస్ మెంబరు మీద నిలవాలి గాని, దొరికిన రేకుకల్లా వెల్డింగు పెట్టకూడదు. హెరాల్డ్‌కు విడి చట్రం ఉంది. బానెట్ రెక్కలతో సహా ముందుకు లేచి ఇంజన్ మొత్తం బయటపడుతుంది. ఇంట్లో పని నేర్చుకునేవాడికి అంత సుఖమైన కారు ఇంకోటి లేదు.

మూడోది, ఇంజన్ వెంట గేర్‌బాక్సు. కరివర్ధన్‌గారి పాఠం ఇక్కడ పనికివస్తుంది. ఇంజన్‌నూ దాని గేర్‌బాక్సునూ జంటగా తెచ్చుకుంటే మధ్యలో అతుకు పలక, క్లచ్ తంటాలు ఉండవు. కాని ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు మారుతుంది. దాన్ని కోసి అతికించాక తప్పనిసరిగా బ్యాలెన్స్ చేయించాలి. లేకపోతే వేగంలో కారంతా వణుకుతుంది. వెనక ఇరుసులోని పళ్ళ నిష్పత్తి కూడా కొత్త ఇంజన్ వేగానికి సరిపోవాలి. మెల్లగా తిరిగే డీజిల్‌కు పెట్రోలు కారు నిష్పత్తి ఉంటే ఇంజన్ అరుస్తుంది, బండి పోదు.

నాలుగోది అన్నిటికంటె ముఖ్యం, బ్రేకులు. పాత అంబాసిడర్ ఇంజన్ బలం దాదాపు 50 అశ్వశక్తి. డ్రమ్ బ్రేకులు ఆ బలానికి తగ్గట్టు చేసినవి. 1990ల తొలి ఏళ్ళలో కంపెనీవారే ఆ కారులో జపాను ఇసుజు వారి 1817 సి.సి. ఇంజన్‌నూ, అయిదు గేర్ల పెట్టెనూ పెట్టారు. బలం 75 దాకా పెరిగింది. అంబాసిడర్‌కు మార్పిడి తప్పదనుకుంటే అన్నిటికంటె సహజమైనది ఈ ఇంజనే. ఎందుకంటే ఎలా నిలబెట్టాలో కంపెనీ ముందే చేసి చూపించింది. కాని ఏ ఇంజన్ పెట్టినా, పరుగు పెంచేముందు ఆపే శక్తి పెంచాలి. పరుగెత్తే గుర్రానికి కళ్ళెం ముందు, కొరడా తరువాత.

అయిదోది, రేడియేటరు, వైర్లు. పెద్ద ఇంజన్ వేడి ఎక్కువ. మధురై వేసవిలో పాత రేడియేటరు ఆ వేడిని ఆర్పలేదు. పాత ఆంగ్ల కార్లలో బ్యాటరీ ధనధ్రువాన్ని బాడీకి కలిపేవారు. కొత్త ఇంజన్ల ఆల్టర్నేటరుకు ఋణధ్రువం బాడీకి ఉండాలి. చూడకుండా కలిపితే ఆల్టర్నేటరు కాలిపోతుంది. ఇంజెక్షన్ ఇంజన్ అయితే ఎక్కువ ఒత్తిడి ఇచ్చే పెట్రోలు పంపూ, కంప్యూటర్ పెట్టె, దాని వైర్ల కట్ట మొత్తం కావాలి. వీటిలో ఒకటి తక్కువైనా బండి కదలదు.

శ్రోతలారా, ఇంతవరకు ఇనుము మాట చెప్పాను. ఇక కాగితం మాట. చాలామంది ఇంజన్ దించేశాక దీన్ని తలుచుకుంటారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఉన్న వివరాలు కంపెనీ చెప్పినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. చెడిపోయిన ఇంజన్ స్థానంలో అదే రకం ఇంజన్ పెట్టుకోవడం వేరు, మరో కంపెనీ ఇంజన్ పెట్టడం వేరు. రెండోదానికి అనుమతి దొరకకపోవచ్చు. అందుచేత ఇంజన్ కొనకముందే ఆర్.టి.ఓ. ఆఫీసుకు వెళ్ళి అడగండి. అనుమతి తీసుకోండి. మార్చిన 14 రోజుల్లోగా ఆర్.సి. ఇచ్చి కొత్త ఇంజన్ నంబరు ఎక్కించుకోండి. ఇంజన్ అమ్మినవాడి దగ్గర బిల్లూ, అది ఏ బండినుంచి తీసిందో దాని కాగితాలూ అడిగి తీసుకోండి. చవకగా వచ్చిందని నంబరు గీకేసిన ఇంజన్ కొంటే, పోలీసు స్టేషను మెట్లెక్కవలసి వస్తుంది. ఇన్సూరెన్సు వారికి కూడా మార్పు తెలపాలి. తెలపకపోతే ప్రమాదం జరిగిన రోజున వారు చేతులెత్తేయవచ్చు.

ఇంకో కొత్త నిబంధన ఉంది, ఇది పాత కారున్న ప్రతి కుటుంబమూ తెలుసుకోవలసినది. కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో వింటేజ్ వాహనాలకు వేరే రిజిస్ట్రేషన్ పెట్టింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న కార్లకూ, మోటారు సైకిళ్ళకూ వి.ఎ. అనే అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు ఇస్తారు. నిబంధన వచ్చిననాడు పెట్టిన రుసుము 20 వేల రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. ఆ బండిని రోజువారీ తిరుగుడుకూ, కిరాయికీ వాడకూడదు. ప్రదర్శనలకూ, ర్యాలీలకూ తీసుకువెళ్ళవచ్చు. కాని ఒక షరతు ఉంది. చట్రంలోగాని, బాడీలోగాని, ఇంజన్‌లోగాని పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అర్థమైంది కదా? 1970లో తాత కొన్న ఫియట్ ఈనాడు ఆ గౌరవానికి తగినది. మనుమడు అందులో వ్యాను ఇంజన్ పెట్టిన నాడు అది ఆ వరసలోంచి తప్పిపోతుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. మామూలు రిజిస్ట్రేషన్‌తోనే ఉంచుకోవాలంటే, 15 ఏళ్ళు దాటిన కారుకు పునరుద్ధరణ రుసుమును 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి 5,000కు పెంచారు. 20 ఏళ్ళు దాటినవాటికి 2025లో ఇంకా పెంచారు. ఈ లెక్కలన్నీ కాగితం మీద వేసుకుని, ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకున్నాకే పని మొదలుపెట్టండి.

ఇప్పుడు ఆ పిల్లవాడికి నేను చెప్పదలచుకున్న ఒక్క మాట. నాయనా, నువ్వు ఏ మార్పు చేసినా, రేపు నీ కొడుకు దాన్ని వెనక్కు తీసి పాతది మళ్ళీ పెట్టగలిగేలా చెయ్యి. కొత్త మౌంటింగు కావాలంటే బోల్టులతో బిగించు, బాడీని కొయ్యకు. తీసిన ఇంజన్‌ను పారేయకు, పాత ఇనుముకు వేయకు. రంధ్రాలన్నీ మూసి, నూనె పట్టించి, గోనె చుట్టి, అటకకింద చెక్కబల్ల మీద పెట్టు. దాని నంబరు పలక పోగొట్టకు. మధురైవాళ్ళు యుద్ధకాలంలో కొలిమి తగిలించిన పద్ధతి ఇదే. అవసరానికి తగిలించారు, అవసరం తీరాక తీసేశారు. చొక్కనాథుడి పద్ధతి వేరు. ఒక్కసారి విప్పాడు, మళ్ళీ కలపలేదు.

ఇంట్లో పని చేసేటప్పుడు జాగ్రత్తలు కొన్ని. జాకీని నమ్మి కారు కిందికి దూరవద్దు. గట్టి స్టాండ్లు నాలుగు పెట్టి, కారును ఊపి చూసి, అప్పుడు దూరండి. ఇటుకలు పేర్చి దానిమీద కారు నిలపవద్దు, బరువుకు ఇటుక పగులుతుంది. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీసేయండి, పెట్రోలు ట్యాంకును దూరంగా పెట్టండి. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకంటె ప్రమాదం, ఎందుకంటే లోపలంతా ఆవిరే. పాత బ్రేకు లైనింగు పొడిని నోటితో ఊదవద్దు. అందులో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఊపిరితిత్తులకు విషం. తడిగుడ్డతో తుడవండి. తలుపులు మూసిన కొట్టంలో ఇంజన్ నడపవద్దు, ఆ పొగకు వాసన తెలియకుండానే ప్రాణం పోతుంది. చిన్నపిల్లలను దగ్గరికి రానివ్వకండి, కాని దూరంగా బల్ల వేసి చూడనివ్వండి.

విప్పే ప్రతి ముక్కకూ ముందు ఫోటో తీయండి. నట్లూ బోల్టులూ ఎక్కడివక్కడ చిన్న సంచుల్లో వేసి చీటీ కట్టండి. ఆ చీటీ తెలుగులో రాయించండి. మన వైపు పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని, బడిలో తమిళమో ఇంగ్లీషో తప్ప తెలుగు అక్షరం చూడరు. వర్క్‌షాపు మాటలన్నీ తమిళం, ఇంగ్లీషు. తాత పక్కన కూర్చుని, "ఇది ఎడమవైపు ముందు చక్రం మర, ఇది కుడివైపు తలుపు కీలు" అని చెబితే మనుమడు కూడబలుక్కుని రాస్తాడు. నాలుగు వందల చీటీలు రాసేసరికి అక్షరాలు వచ్చేస్తాయి. కారు నడిచినా నడవకపోయినా ఆ లాభం మిగులుతుంది.

పెద్దవాళ్ళకు కూడా ఒక మనవి. తూకంవాడికి ఇచ్చేముందు ఒక్క సంవత్సరం గడువు ఇవ్వండి. ఆదివారాలు మాత్రమే పని అని నియమం పెట్టండి. మొదటి మూడు నెలలు విప్పడం, కడగడం, కొలవడం మాత్రమే. ఒక్క కొత్త వస్తువూ కొననివ్వకండి. ఆ మూడు నెలలు ఓపిగ్గా నిలబడిన పిల్లవాడు మిగతా పనీ పూర్తిచేస్తాడు. నిలబడకపోతే, ముక్కలన్నీ చీటీలతో పెట్టెల్లో ఉంటాయి. ఇంకొక పిల్లవాడు వచ్చినప్పుడు, అక్కడినుంచే అందుకుంటాడు. డబ్బు పోదు, కారూ పోదు.

మీ వాకిట్లో నిలబడిన కారు పక్కకు రేపు ఉదయం వెళ్ళి, బానెట్ ఎత్తి, ఇంజన్ మీది నంబరును తడిగుడ్డతో తుడిచి, ఆర్.సి. పుస్తకంలోని నంబరుతో సరిచూడండి. రెండూ ఒకటే అయితే ఆ కారు ఇంకా మీ తాత కొన్న కారే. దాన్ని అలాగే ఉంచాలా, మార్చాలా అన్నది తరువాత తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.